బస్తర్‌కు మూడు రోజులు: ఖర్చు తక్కువే, ఆ డబ్బు ఎవరికి చేరుతోంది?

విశాఖపట్నంలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజర్‌ను చాలామంది ‘అరకు రైలు’ అనే అంటారు. బొర్రా గుహలు, అరకు రాగానే బండి సగానికి పైగా ఖాళీ అవుతుంది. మిగిలినవాళ్లు కోరాపుట్, జేపూర్ దాటి సాయంత్రానికి ఛత్తీస్‌గఢ్‌లోని జగ్దల్‌పూర్‌లో దిగుతారు. వీళ్లలో ఒకప్పుడు గనుల ఉద్యోగులు, జవాన్లు, చింతపండు వ్యాపారులు, బంధువుల ఇళ్లకు వెళ్లేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు వీపున బ్యాగులు తగిలించుకున్న మిత్రబృందాలూ తోడయ్యాయి. విశాఖ, విజయవాడ, హైదరాబాద్‌ల నుంచి వారాంతానికి మరో రోజు సెలవు కలుపుకొని వెళ్లేవాళ్లు వీళ్లు. జలపాతాలు చూడాలి, అడవిలో ఒక రాత్రి గడపాలి, జేబుకు భారం కాకూడదు. స్థూలంగా ఇదీ వాళ్ల లెక్క.

ఆ లెక్క కుదురుతుంది. దక్షిణాదిలో పేరున్న పర్వత ప్రాంతాలతో పోలిస్తే బస్తర్ ఇప్పటికీ చవకే. అయితే ఎందుకు చవక, ఆ కొద్దిపాటి ఖర్చులోనూ స్థానికులకు దక్కేదెంత అన్నది విడిగా చూడాల్సిన విషయం. బస్తర్ నుంచి కిందికి వెళ్లిపోయిన వాటి జాబితా చాలా పెద్దది మరి.

ఆ రైలు మార్గమే అందుకు మొదటి ఉదాహరణ. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు సుమారు 445 కిలోమీటర్ల ఈ లైనును 1960ల్లో వేసింది ప్రయాణికుల కోసం కాదు. బైలాడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, అక్కడి నుంచి జపాన్‌కు పంపడం కోసం. తూర్పు కనుమలను తొలిచి యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. లైను 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషన్ వరకు ఎక్కి, అవతల మళ్లీ దిగుతుంది. బైలాడిలా గనులను నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లోని మాసబ్‌ట్యాంక్‌లో. జగ్దల్‌పూర్ పక్కన నగర్నార్‌లో ఉక్కు కర్మాగారం ప్రారంభమైంది 2023 అక్టోబరులో. అంటే, ఖనిజం కొండ దిగడం మొదలైన అర్ధశతాబ్దం తర్వాత. ఇప్పటికీ ఆ లైనులో పెద్దపీట ఖనిజం బండ్లదే. వాటికి దారి ఇవ్వడానికి పాసింజర్ ఏదో చిన్న స్టేషన్‌లో ఆగిపోవడం అలవాటైన ప్రయాణికులకు వింతేమీ కాదు.

భయం నిజంగా తగ్గిందా?

ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. తెలుగు ఇళ్లలో బస్తర్ అంటే పర్యాటకం గుర్తుకొచ్చే కాలం కాదిది. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ పేరు వినిపించింది ఎన్‌కౌంటర్ వార్తల్లోనే. ఆ కథలో తెలుగువాళ్లు రెండు వైపులా ఉన్నారు. 2025 మే 21న నారాయణ్‌పూర్ జిల్లాలో భద్రతా దళాల చేతిలో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావుది శ్రీకాకుళం జిల్లా. అదే ఏడాది అక్టోబరు 17న జగ్దల్‌పూర్‌లో 210 మంది ఒకేసారి లొంగిపోయారు. వారికి ముందు నిలిచిన తక్కళ్లపల్లి వాసుదేవరావుది ములుగు ప్రాంతం. మరో నెలకు, నవంబరు 18న, సుక్మా ఆదివాసీ అయిన మావోయిస్టు కమాండర్ హిడ్మా అల్లూరి సీతారామరాజు జిల్లా మారేడుమిల్లి అడవుల్లో మరణించాడు. 2026 మార్చి 31 లోగా మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు ప్రకటించి మరీ ఈ ఆపరేషన్లు నడిపింది.

ఈ వార్తలకూ పర్యాటకుల రాకకూ సంబంధం లేదనలేం. కానీ ఇక్కడ ఒక తేడా గమనించాలి. సంఘర్షణ తీవ్రంగా ఉన్న రోజుల్లో కూడా జగ్దల్‌పూర్ పట్టణం, చిత్రకోట్ జలపాతం, కాంగేర్ లోయ సందర్శకులకు తెరిచే ఉండేవి. ఒకప్పటి బస్తర్ జిల్లా కేరళ రాష్ట్రం కంటే పెద్దది. ఇప్పుడది ఏడు జిల్లాలు. జగ్దల్‌పూర్ చుట్టుపక్కల యాభై కిలోమీటర్లలో పరిస్థితికీ, బీజాపూర్, సుక్మా లోపలి గ్రామాల పరిస్థితికీ ఏనాడూ పోలిక లేదు. ఆ లోపలి గ్రామాలకు ఇప్పుడు రోడ్లు పడుతున్నాయి. రోడ్డు వెంట సాయుధ బలగాల క్యాంపులూ వస్తున్నాయి. అడవిలో పాతిపెట్టిన మందుపాతరల ముప్పు తుపాకులు మూగబోయినంత మాత్రాన పోదు. యూట్యూబ్ వీడియో చూసి, దారి తెలియని ‘కొత్త జలపాతం’ వెతుక్కుంటూ లోపలికి వెళ్లడం సాహసం అనిపించుకోదు, తెలివితక్కువతనం అవుతుంది.

హైదరాబాద్ నుంచి రోడ్డు మీద వచ్చేవాళ్లు భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిపై వస్తారు. దూరం ఐదు వందల కిలోమీటర్లకు పైనే. సుక్మా దాటి జగ్దల్‌పూర్ వైపు వస్తుంటే దర్భా ఘాట్ దగ్గర ఝీరం లోయ తగులుతుంది. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల వాహనశ్రేణిపై మావోయిస్టులు దాడి చేసింది ఇక్కడే. మహేంద్ర కర్మ, నంద్‌కుమార్ పటేల్ సహా చాలామంది చనిపోయారు. గాయపడిన మాజీ కేంద్రమంత్రి విద్యాచరణ్ శుక్లా తర్వాత కన్నుమూశారు. తీరథ్‌గఢ్ జలపాతానికి వెళ్లే మలుపు ఈ దారిలోనే ఉంది. కార్లలో పాటలు పెట్టుకుని వెళ్లే జట్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

జగ్దల్‌పూర్‌లో ఇప్పుడు ఒక కొత్త చిరునామా కూడా చేరింది. లొంగిపోయిన మావోయిస్టులు, హింసలో నష్టపోయిన కుటుంబాలవాళ్లు కలిసి పనిచేసే ‘పండుం కేఫ్’ 2025 నవంబరులో మొదలైంది. భద్రాచలం కోయల విత్తనాల పండుగ ‘బీజ పండుం’ తెలిసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. గోండీలోనూ పండుం అంటే పండుగే. గోండీ తెలుగుకు దగ్గర చుట్టం. రెండును ‘రండ్’ అని, మూడును ‘మూండ్’ అని, నాలుగును ‘నాలుంగ్’ అని లెక్కపెడతారు. సంతలో బేరం ఆడేటప్పుడు ఈ ముక్క తెలిస్తే అవతలి మనిషి ముఖంలో చిన్న నవ్వు గ్యారంటీ. పట్టణంలో మాత్రం హిందీ, హల్బీలదే రాజ్యం.

నలుగురు కలిస్తేనే చవక

బస్తర్‌లో ఖర్చు లెక్క మనిషిని బట్టి కాదు, బండిని బట్టి నడుస్తుంది. విశాఖ నుంచి పాసింజర్ టికెట్ ఓ సినిమా టికెట్‌ను మించదు. రాత్రిపూట నడిచే కిరండూల్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ తీసుకుంటే తెల్లవారేసరికి జగ్దల్‌పూర్‌లో ఉంటారు, ఒక రాత్రి గది అద్దె కూడా మిగులుతుంది. అసలు ఖర్చు దిగాకే మొదలవుతుంది. చిత్రకోట్ పట్టణానికి పడమరగా 38 కిలోమీటర్లు. తీరథ్‌గఢ్, కుటుంసర్ గుహ దక్షిణం వైపు. దంతెవాడ నైరుతిలో ఎనభై కిలోమీటర్ల పైమాటే. వీటిని కలిపే సిటీ బస్సులు లేవు. ఉన్న బస్సులు ఊళ్ల మధ్య తిరిగేవి, వాటి వేళలు సంతలకూ ఆఫీసులకూ సరిపోయేవి. కాబట్టి కారో, జీపో రోజు లెక్కన మాట్లాడుకోవాల్సిందే. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలో కుటుంసర్ గుహకు వెళ్లడానికి అటవీ శాఖ నాకా దగ్గర జిప్సీ తీసుకోవాలి, వెంట గైడ్ ఉండాలి. అదీ బండికింత అనే ధర. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇది భారం. నలుగురైదుగురు పంచుకుంటే ఎవరికీ తెలియనంత తక్కువ.

ఎప్పుడు వెళ్లాలన్నది ఖర్చు కంటే ముఖ్యం. చిత్రకోట్ అసలు రూపం చూడాలంటే వానాకాలం. కానీ ఆ రోజుల్లో కుటుంసర్ గుహలోకి నీళ్లు చేరతాయి, దాన్ని మూసేస్తారు. కొండచరియలు విరిగిపడి కిరండూల్ లైనులో రైళ్లు రద్దు కావడం కూడా అప్పుడే. ఎండాకాలంలో గుహ తెరిచి ఉంటుంది కానీ జలపాతం సన్నబడుతుంది. రెండూ ఓ మోస్తరుగా దొరికేది నవంబరు, డిసెంబరు నెలల్లో. జలపాతం కిందికి చిన్న పడవల్లో దగ్గరగా వెళ్లేదీ ఉధృతి తగ్గాకే.

హైదరాబాద్ నుంచి జగ్దల్‌పూర్‌కు 2020లో ఉడాన్ పథకం కింద విమానం కూడా మొదలైంది. సమయం మిగిలేవాళ్లకు అది మంచిదే. ‘బడ్జెట్ యాత్ర’ అనుకున్నవాళ్లకు మాత్రం రాత్రి బస్సే శరణ్యం.

చిత్రకోట్ నీళ్లు వచ్చేది మనకే

ఇంద్రావతి ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, బస్తర్ మీదుగా పడమరకు పారుతుంది. చిత్రకోట్ దగ్గర గుర్రపు నాడా ఆకారంలో ఒక్కసారిగా ముప్పై మీటర్ల దాకా కిందికి దూకుతుంది. వానాకాలంలో ఆ ధార వెడల్పు మూడు వందల మీటర్లు. నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. ‘భారత నయాగరా’ అన్న పేరు ఎవరు పెట్టారో గానీ, దాని వల్ల ప్రతివాళ్లూ సెల్ఫీలో నయాగరాను వెతుక్కుంటున్నారు. ఇంద్రావతిని ఇంద్రావతిగా చూస్తే చాలు.

జలపాతం సన్నబడటానికి ఎండ ఒక్కటే కారణం కాదు. ఎగువన ఒడిశాలో జోరా నాలా అనే వాగు ఉంది. ఇంద్రావతి నీళ్లలో కొంత ఆ వాగు గుండా కొలాబ్ నదిలోకి మళ్లిపోతోంది. దీనిపై రెండు రాష్ట్రాల మధ్య ఏళ్ల తరబడి తగాదా నడుస్తోంది. కొలాబ్ కిందికి వచ్చాక దాని పేరు శబరి. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇటు ఇంద్రావతి కూడా బీజాపూర్ జిల్లా కొసన, తెలంగాణ సరిహద్దులో, గోదావరిలోనే కలుస్తుంది. కాంగేర్ నది మీద ఉన్న తీరథ్‌గఢ్ నీళ్లు చేరేదీ శబరిలోకే. అంటే ఏ దారిన పోయినా ఈ మూడు రోజుల్లో చూసే నీళ్లన్నీ చివరికి పాపికొండల మధ్య నుంచి రాజమండ్రికి వస్తాయి. పోలవరం ముంపు తమ కుంట ప్రాంతం దాకా వస్తుందని ఛత్తీస్‌గఢ్ అభ్యంతరం చెప్పడం వెనక ఉన్న భూగోళం కూడా ఇదే.

తీరథ్‌గఢ్ వేరే రకం. అక్కడ నీళ్లు ఒక్క దూకు దూకవు. సుమారు తొంభై మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా, తెల్లగా జారతాయి. దిగడానికి మెట్లున్నాయి, ఎక్కడం కష్టం. ఆదివారాల్లో వనభోజనాల జనంతో కిటకిటలాడుతుంది. ఆ మర్నాడు మెట్ల పక్కన కనిపించే ఇస్తరాకులు, నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లలో స్థానికులవీ ఉంటాయి, బయటివాళ్లవీ ఉంటాయి. ఎత్తిపోయాల్సిన పని మాత్రం పక్క ఊళ్లవాళ్లదే.

కాంగేర్ అడవి: హక్కులు పోయిన చోటే హోమ్‌స్టేలు

కాంగేర్ లోయను 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. గుగ్గిలం, టేకు, వెదురు అడవి. బస్తర్ గోరింక ఉండేది ఇక్కడే. మనిషి మాటను అనుకరించే ఈ పక్షి ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. సున్నపురాయి కొండల్లో గుహలున్నాయి. కుటుంసర్‌ను 1950ల్లో భూగోళ శాస్త్రవేత్త శంకర్ తివారీ పరిశోధించారు. లోపల చీకటి కుంటల్లో ఉండే చేపలకు చూపు దాదాపు పోయింది, ఒంటి రంగూ పోయింది. వెలుతురు లేని చోట తరతరాలుగా బతకడం వల్ల వచ్చిన మార్పు అది. గైడ్ లైటు వేసి చూపిస్తే, మిత్రబృందాల్లో అప్పటిదాకా సాగిన కేకలు ఆగిపోయేది ఇక్కడే. 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో భారత్ నుంచి చేరిన ఆరింటిలో ఈ ఉద్యానవనం ఒకటి. మన పాలమూరు వైపున్న ముడుమాల నిలువురాళ్లు కూడా అదే విడతలో చేరాయి.

ఈ అడవికి మరో చరిత్ర ఉంది. టికెట్ కౌంటర్ బోర్డుల మీద రాసేంత చిన్నది కాదది. 1905లో బ్రిటిష్ ప్రభుత్వం బస్తర్ అడవుల్లో మూడింట రెండొంతులు రిజర్వు చేస్తామంది. పోడు, వేట, అటవీ ఫలసాయం సేకరణ ఆగిపోతాయని ప్రతిపాదన. రిజర్వేషన్ మొదట అమలైంది కాంగేర్ అడవిలోనే. మొదట తిరగబడ్డదీ అక్కడి ధుర్వా ఆదివాసీలే. 1910లో మామిడి కొమ్మలు, మట్టి ముద్ద, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి తిరిగాయి. అవి కబురుకు గుర్తులు. ప్రతి గ్రామమూ ఖర్చులో తన వాటా వేసుకుంది. బజార్లు, అధికారుల ఇళ్లు, పోలీసు స్టేషన్లు, బడులు దాడులకు గురయ్యాయి. ఇదే ‘భూమ్‌కాల్’. నేతానార్ గ్రామానికి చెందిన గుండాధుర్ దీనికి నాయకుడిగా నిలిచాడు. బ్రిటిష్ సైన్యం అతణ్ని ఎన్నడూ పట్టుకోలేకపోయింది. తిరుగుబాటు అణిగింది కానీ రిజర్వు చేయాలనుకున్న విస్తీర్ణాన్ని దాదాపు సగానికి తగ్గించాల్సి వచ్చింది.

రంపలో అల్లూరి సీతారామరాజు వెంట ఆదివాసీలు లేచింది ఆ తర్వాత పన్నెండేళ్లకు. కారణాల్లో మొదటి వరస ఒకటే: పోడు, అడవి, వెట్టి.

ఈ చరిత్ర తెలిస్తే కాంగేర్‌లో ఇప్పుడు జరుగుతున్నది ఎందుకు ఆసక్తికరమో అర్థమవుతుంది. ఉద్యానవనం లోపలే కాంగేర్ నది ఒడ్డున ధుడ్‌మారాస్ అనే ధుర్వాల ఊరు ఉంది. ఇంటి పక్కన గది వేసి అతిథులను ఉంచుకోవడం, వెదురు తెప్పల మీద నదిలో తిప్పడం, తమ వంట తమ పద్ధతిలో పెట్టడం ఆ ఊరివాళ్లు మొదలుపెట్టారు. 2024 నవంబరులో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తన ‘ఉత్తమ పర్యాటక గ్రామాలు’ కార్యక్రమంలో మరింత మెరుగుపరచడానికి ప్రపంచవ్యాప్తంగా ఎంచుకున్న ఇరవై గ్రామాల్లో ధుడ్‌మారాస్ ఒకటి. అంతకు రెండేళ్ల ముందు, 2022లో, ఇదే ఉద్యానవనంలోని గుడియాపదర్ గ్రామానికి సామూహిక అటవీ వనరుల హక్కు పత్రం దక్కింది. నూట పన్నెండేళ్ల క్రితం ఏ అడవి కోసం బాణాలు పట్టారో, ఆ అడవి నిర్వహణలో గ్రామసభకు మాట చెప్పే హక్కు కాగితం మీదకు వచ్చింది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చినా దీనికి పదహారేళ్లు పట్టింది.

మిత్రబృందం డబ్బు ఏ ఊరికి చేరుతుందన్నది తేలేది ఇక్కడే. జగ్దల్‌పూర్ హోటల్లో దిగి, రాయ్‌పూర్‌లోనో విశాఖలోనో ఉన్న ప్యాకేజీ సంస్థకు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి, పట్టణం నుంచి పొట్లాలు కట్టించుకుని, పగలంతా తిరిగి రాత్రికి మళ్లీ హోటల్‌కు చేరితే, ఊళ్లలో మిగిలేది పార్కింగ్ రుసుం, టీ డబ్బులు, చెత్త. ఒక రాత్రి ధుడ్‌మారాస్ లాంటి ఊళ్లో ఉంటే గది అద్దె, భోజనం, తెప్ప, దారి చూపిన కుర్రాడి కూలీ అన్నీ ఆ గడపల్లోనే ఆగుతాయి. ఖర్చు చేసేవాడి జేబుకు ఈ రెండింటికీ తేడా పెద్దగా ఉండదు.

దీన్ని మరీ రంగులద్ది చెప్పడం కూడా సరికాదు. హోమ్‌స్టే పెట్టాలంటే గది కట్టడానికి కొంత పెట్టుబడి, హిందీ మాట్లాడే ఒక చదువుకున్న మనిషి, ఫోన్ సిగ్నల్ కావాలి. ఊళ్లో ఇవి ఉన్న ఇళ్లు కొన్నే. లేనివాళ్లు పక్కింటి అతిథులను చూస్తూ తునికాకు కోతకే వెళ్తారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2025లో హోమ్‌స్టే విధానాన్ని ఆమోదించింది. దాని కింద వచ్చే సాయం బయటి పెట్టుబడిదారులు ‘ఆదివాసీ అనుభవం’ పేరుతో కట్టే రిసార్టులకు వెళ్తుందా, గ్రామసభలు నడిపే గదులకు వెళ్తుందా అన్నది చూడాలి. అరకులో రిసార్టులు పెరిగినప్పుడు ఏం జరిగిందో ఉత్తరాంధ్రవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. బినామీ పేర్లతో గిరిజన భూములు చేతులు మారుతున్నాయన్న ఫిర్యాదులు అక్కడ ఇప్పటికీ ఆగలేదు.

సంతకు వెళ్లే ముందు

బస్తర్‌లో పర్యాటక కేంద్రం కాని పర్యాటక కేంద్రం సంత. వారానికోసారి ఒక్కో ఊళ్లో జరుగుతుంది. ఇప్పపూలు, చింతపండు, ఉప్పు, ఎండు చేపలు, మట్టికుండలు, గుడ్డలు, ఒక మూల కోడిపందెం. చింతపండు సంగతి తెలుగువాళ్లకు ప్రత్యేకం. బస్తర్ అడవుల చింతపండు జగ్దల్‌పూర్ మండీ మీదుగా దక్షిణాదికి భారీగా వస్తుంది. మన వంటింట్లో పులుసు పెట్టే చింతపండు ఏ చెట్టుదో విచారిస్తే ఇక్కడికే రావచ్చు.

చాప్డా అనే ఎర్ర చీమల పచ్చడి గురించి వీడియోలు చాలానే ఉన్నాయి. చీమల్నీ గుడ్లనూ మిరప, ఉప్పుతో నూరిన ఆ పచ్చడి పుల్లగా, ఘాటుగా ఉంటుంది. తినాలనిపిస్తే కొని తినొచ్చు, లేదంటే మానేయొచ్చు. కెమెరా ముందు ముఖం చిట్లించి ‘ఛీ’ అని నటించడం, అవతల అమ్ముతున్న మనిషికి భాష రాకపోయినా అర్థమవుతుంది. సల్ఫీ మన ఏజెన్సీలో జీలుగు కల్లే. ఇప్పసారాను ఆదివాసీలు ఇంటి అవసరానికి పరిమితంగా కాచుకోవడానికి చట్టం వీలిస్తుంది. దాన్ని సీసాల్లో నింపుకొని రాష్ట్రం సరిహద్దు దాటించడం వేరే సంగతి, అందులో పట్టుబడితే స్నేహితులంతా కలిసి పట్టుబడతారు.

ఫొటోల విషయంలో ఒక్కటే నియమం. అడగాలి. వద్దంటే ఆపాలి. మురియాల ఘోటుల్ గురించి వెర్రియర్ ఎల్విన్ 1947లో పెద్ద పుస్తకం రాసినప్పటి నుంచి బయటివాళ్లకు దానిపై ఒక వెకిలి కుతూహలం ఉంది. యువతీయువకులు పాట, ఆట, పని, ఊరి మర్యాద నేర్చుకునే ఆ చోటును ‘చూపిస్తాం’ అని ఎవరైనా దళారీ చెబితే, అతనితో యాత్ర అక్కడితో ముగించడం మంచిది.

కొనాల్సింది ఏమైనా ఉంటే ఢోక్రా. జగ్దల్‌పూర్ దుకాణాల్లో దొరుకుతుంది కానీ, ఉత్తరంగా డెబ్భై ఐదు కిలోమీటర్ల దూరంలోని కొండాగావ్‌లో చేసేవాళ్ల ఇళ్ల దగ్గరే కొనొచ్చు. అంతర్జాతీయంగా పేరు పొందిన శిల్పి జైదేవ్ బఘేల్‌ది ఈ ఊరే. మట్టితో లోపలి ఆకారం చేసి, దాని మీద తేనెమైనాన్ని దారాల్లా తీసి నగిషీ అద్దుతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగించిన ఇత్తడి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే ఏ రెండు బొమ్మలూ ఒకటి కావు. మొహెంజోదారో నాట్యగత్తె బొమ్మను పోసినదీ ఈ పద్ధతిలోనే. రోజుల పని అని తెలిశాక సగం ధరకు అడగడానికి నోరు రాదు. అయినా అడిగేవాళ్లు ఉన్నారు. పచారీ కొట్లో వెయ్యి రూపాయల సరుకుకు బేరమాడనివాళ్లు ఇక్కడ యాభై దగ్గర పట్టుబడతారు.

ఓరుగల్లు నుంచి వచ్చిన రాజు

మూడో రోజు దంతెవాడకు పెట్టుకుంటే ప్రయాణం ఎక్కువే కానీ తెలుగువాళ్లకు అది సగం సొంత చరిత్ర. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోయాక, ప్రతాపరుద్రుడి తమ్ముడిగా చెప్పే అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని ఇక్కడి రాజవంశ గాథ. అంతకుముందు పాలించిన నాగవంశీయుల కాలానికే బస్తర్‌లో తెలుగు శాసనాలున్నాయి. అమ్మవారు దంతేశ్వరి రాజు వెనకే వస్తానందట, వెనక్కి తిరిగి చూడొద్దందట. శంఖినీ డంకినీ నదుల సంగమంలో ఇసుకలో కూరుకుని అందెల చప్పుడు వినబడకపోయేసరికి రాజు తిరిగి చూశాడు, ఆమె అక్కడే నిలిచిపోయింది. ఇప్పుడు ఆ సంగమంలో ఇసుక కంటే ముందు కనిపించేది రంగు. ఎగువన బైలాడిలా గనుల నుంచి కొట్టుకొచ్చిన ఖనిజపు మట్టితో శంఖిని ఎర్రగా పారడం దశాబ్దాలుగా ఉన్న ఫిర్యాదు.

అదే వంశంలోని ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1966 మార్చి 25న జగ్దల్‌పూర్ రాజభవనం దగ్గర పోలీసు కాల్పుల్లో ఆదివాసీలతో పాటు మరణించారు. ఆ ప్యాలెస్, పక్కనే దంతేశ్వరి గుడి, దళపత్ దేవ్ తవ్వించిన దళపత్ సాగర్ చెరువు, మానవశాస్త్ర మ్యూజియం ఒకే సాయంత్రం నడిచి, ఆటోలో తిరిగి చూసేయొచ్చు. దీనికి ప్యాకేజీ అక్కర్లేదు.

ఖర్చు లెక్క పూర్తిగా తలకిందులయ్యేది దసరాకే. బస్తర్ దసరా డెబ్భై ఐదు రోజులు సాగుతుంది. శ్రావణ మాసానికి ముందొచ్చే అమావాస్య నాడు రథానికి మొదటి దుంగ తెచ్చే పాట్ జాత్రాతో మొదలవుతుంది. ఇక్కడ రావణుణ్ని కాల్చరు, రాముడి కథతో సంబంధమే లేదు. పండుగ దంతేశ్వరిది. ముళ్ల ఊయల మీద పడుకుని పండుగకు అనుమతి ఇచ్చే కాచన్ దేవిగా మిర్గాన్ కులం బాలిక కూర్చుంటుంది. రథం చేసేది కొన్ని ఊళ్లవాళ్లు, తాళ్లు పేనేది మరికొందరు, లాగేది మరికొందరు. ప్రతి పనీ ఒక ఊరి హక్కు. చివరి రోజుల్లో ఆదివాసీలు రాత్రికి రాత్రి రథాన్ని లాక్కుపోయి కుమ్హ్‌డాకోట్ అడవిలో దాచేస్తారు. రాజు అక్కడికి వెళ్లి, వాళ్లతో కలిసి కొత్త బియ్యం తిని, బతిమాలి తెచ్చుకోవాలి. ఆ వారం జగ్దల్‌పూర్‌లో గదులు నెలల ముందే అయిపోతాయి, ఉన్నవాటి అద్దె రెట్టింపు దాటుతుంది. ధుడ్‌మారాస్ వైపు ఊళ్లలో ముందే ఫోన్ చేసి ఒక గది ఖాయం చేసుకుని, అక్కడి నుంచి పట్టణానికి వచ్చిపోవడమే అప్పుడు ఉన్న చవక దారి. ఆ ఊళ్లలో సిగ్నల్ వచ్చిపోతుంటుంది, ఫోన్‌లో చెల్లింపులు పనిచేయని రోజులుంటాయి. నోట్లు వెంట ఉంచుకోవాలి, చిల్లరతో సహా.